సెంటర్ ఫీల్డ్‌లో పొగమంచు

కెల్సీ హార్బర్, మినెసోటా
1954 జూలై 12, సోమవారం

రోల్ఫ్‌కు,

గెలిచాం.

ముందు ఆ ఒక్క మాట రాస్తే గానీ కలం కదిలేలా లేదు. ఇంక కుశల ప్రశ్నలు. నా పన్ను నొప్పి తగ్గింది. పోయిన ఉత్తరంలో నీకు దగ్గు అన్నావు. ఆరిజోనా ఎండలో కూడా దగ్గేమిట్రా? మిరియాల పాలు తాగు, నాకు తిరుగు ఉత్తరంలో ఎలా ఉందో రాయి.

మన ఊరి బేస్‌బాల్ జట్టు, మా పైలట్లు, వరసగా పంతొమ్మిది ఆటలు ఓడిపోయారని నీకు తెలుసు, ప్రతి వారం నేనే కదా ఏడుస్తూ రాస్తున్నాను. చేపల కొట్టు గున్నార్ ప్రతి సోమవారం నన్ను చూడగానే, "ఈసారి ఎన్ని పరుగుల తేడా, సిగ్నె?" అని అడగడం అలవాటు చేసుకున్నాడు. చర్చిలో పాస్టరు గారు ఆపదలో ఉన్నవాళ్ళందరి కోసం ప్రార్థిద్దాం అంటే, వెనక బల్ల మీంచి ఎవరో "పైలట్ల కోసం కూడా" అన్నారు. పాస్టరు గారు కాదనలేదు. మైదానానికి వచ్చేవాళ్ళు రెండు వందల మందికి పడిపోయారు. ఆ రెండు వందల్లో సగం మంది తిట్టడానికే వస్తారు.

నిన్న మధ్యాహ్నం ఆష్బీ జట్టుతో ఆట. ఎనిమిదో ఇన్నింగ్స్ అయ్యేసరికి నాలుగు మూడుతో మనం ముందున్నాం. ముందుండి ఓడిపోవడం మాకు కొత్త కాదు కాబట్టి ఎవరూ సంబరపడలేదు. అప్పుడే సరస్సు మీంచి పొగమంచు లేచింది. కంచె దాటి లోపలికి వచ్చి సెంటర్ ఫీల్డ్‌ను తినేసింది. రెండో బేస్ దాకా కనిపిస్తుంది, దాని వెనక తెల్లటి గోడ. అంపైరు ఆట ఆపుతాడేమో అనుకున్నాం, ఆపలేదు.

చివరి ఇన్నింగ్స్. ఇద్దరు అవుట్. మూడు బేసుల మీదా వాళ్ళ మనుషులే. వాళ్ళ లావుపాటి బ్యాటరు బంతిని కొట్టిన చప్పుడు వింటే చాలు, అది ఎంత దూరం పోతుందో మనకు తెలిసిపోతుంది. బంతి పైకి లేచి మంచులోకి పోయింది. ముగ్గురూ పరుగు మొదలెట్టారు. ఆ మంచులో ఉన్నది వెర్లిన్ స్టౌట్. మే నెల నుంచి మా మేడ మీద గదిలో అద్దెకుంటున్న నెబ్రాస్కా కుర్రాడు వీడే. ఇరవై మూడేళ్ళు. బంతి తన వైపు వస్తుంటే పిడుగు పడబోతున్నట్టు మెడ ముడుచుకుంటాడు. ఈ ఏడాది వాడు వదిలేసిన బంతులు లెక్క పెట్టడం నేను జూన్‌లోనే మానేశాను.

అందరం లేచి నిలబడ్డాం రోల్ఫ్. అప్పుడు వెర్లిన్ మంచులోంచి నడుచుకుంటూ వచ్చాడు. పరిగెత్తలేదు, నడిచాడు. గ్లవ్ ఛాతీ దగ్గర పట్టుకున్నాడు. అంపైరు ఎదురెళ్ళి లోపలికి చూసి చెయ్యెత్తాడు. అవుట్.

నేనేం చేశానో నాకు గుర్తు లేదు. టోపీ తీసి ముందు వరసలో కూర్చున్న మనిషి నెత్తి మీద దబదబా బాదానట. ఆయన మా పళ్ళ డాక్టరు. వెనక్కి తిరిగి నన్ను వాటేసుకున్నాడు. ఇవాళ గున్నార్ మాట్లాడకుండా ఒక పొగబెట్టిన చేప కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు. ఒక్క గెలుపే, నాకు తెలుసు. పట్టికలో ఇంకా అట్టడుగునే ఉన్నాం. అయినా ఇవాళ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో తీగలు కలుపుతుంటే ప్రతి గొంతూ కాస్త పైకి లేచినట్టే వినిపించింది.

వెర్లిన్ ఒక్కడే సంబరపడలేదు. రాత్రి భోజనం ముట్టలేదు. ఏమిటంటే, "సిగ్నె గారూ, ఆ బంతి నేను పట్టలేదు. నాకు కనిపించనే లేదు. ఎవరో తెచ్చి గ్లవ్‌లో పెట్టారు" అన్నాడు. వినయం మరీ ఎక్కువైతే ఇలాగే ఉంటుందని నవ్వేశాను.

కానీ పడుకునే ముందు హాల్వర్ గుర్తొచ్చాడు. ఎందుకు రాడు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట మన చిన్న తమ్ముడు అదే జట్టుకు, అదే సెంటర్ ఫీల్డ్‌లో ఆడుతూ, అలాంటి మంచులోకే బంతి వెనక పరిగెత్తి తిరిగి రాలేదు. కంచె తలుపు తీసుకుని పారిపోయాడని నువ్వన్నావు. తరవాత వాడి దగ్గర్నుంచి మూడు కార్డులు వచ్చాయి గనక అమ్మ ప్రాణం నిలబడింది. వాడికి ఇప్పుడు యాభై ఏళ్ళు. ఈ గెలుపు సంగతి వాడికి తెలిస్తే బాగుండు. వాడి జాడ కనుక్కునే దారేదైనా నీకు తోస్తే రాయి.

మీ అక్క,
సిగ్నె


టూసన్, ఆరిజోనా
1954 జూలై 20

అక్కకు,

నీ ఉత్తరం వరండాలో నిలబడే చదివాను. గెలిచాం అన్న మాట చూడగానే పక్కింటి ఆవిడకు వినిపించేలా కేక వేశాను. ఆవిడకు బేస్‌బాల్ తెలియదు, నాకు ఎండదెబ్బ తగిలిందనుకుని నీళ్ళు తెచ్చింది. ఇక్కడ నీడలో నూట ఆరు డిగ్రీలు. దగ్గు అలాగే ఉంది, కంగారు పడకు.

పళ్ళ డాక్టరు నిన్ను వాటేసుకున్నాడంటే ఆయన భార్య ఊళ్ళో లేదన్న మాట.

నీ అద్దె కుర్రాడి మాటలు పట్టించుకోకు. భయం పట్టినవాడి చేతులు వాడికి తెలియకుండానే పని చేస్తాయి. పొరపాటున పట్టాడు, పట్టానని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు. లేదా ఆటకు ముందు ఒక గుక్క వేసుకుని ఉంటాడు. గది సోదా చెయ్యి.

హాల్వర్ సంగతి. చివరి కార్డు వచ్చి పాతికేళ్ళు దాటింది. మనిషి తనంత తాను మాయం కావాలనుకుంటే మనం వెతకడం వాడికి ఇష్టమవుతుందా? వదిలెయ్యి అక్కా. ఇంకో మాట. మంచు పడ్డ రోజు మైదానంలో కూర్చోకు. నీ ఛాతీకి మంచిది కాదు.

ఇట్లు,
రోల్ఫ్


కెల్సీ హార్బర్
1954 ఆగస్టు 2

రోల్ఫ్‌కు,

నా ఛాతీకి ఏ రోగమూ లేదు. రోగం ఉన్నది నీ ఛాతీకి.

ఆ గెలుపు తరవాత ఏడాటలు ఆడాం. ఎండ కాసిన రోజుల్లో ఆరు ఆడి, రెండు గెలిచి నాలుగు ఓడిపోయాం. రెండు గెలవడమంటే మాటలా, జనం మళ్ళీ వస్తున్నారు, నాకు కూర్చోవడానికి చోటు దొరకడం లేదు. ఏడోది నిన్నటి ఆట, అది మంచులో జరిగింది. దాని సంగతి నీకు వివరంగా చెప్పాలి.

ఐదో ఇన్నింగ్స్‌కే సెంటర్ ఫీల్డ్ కనపడకుండా పోయింది. వెర్లిన్ లోపల ఉన్నాడు. రెండుసార్లు బంతి అటు పోయింది, రెండుసార్లూ చేతిలో బంతితోనే బయటికి వచ్చాడు. గెలిచాం. జనం వాణ్ణి భుజాల మీద ఎత్తుకున్నారు. దింపగానే వాడు కంచె పక్కకు పోయి వాంతి చేసుకున్నాడు.

ఇంటికొచ్చాక వంటింట్లో కూర్చోబెట్టి నిలదీశాను. మొదటిసారి తాను తప్పు దిక్కుకు పరిగెత్తాడట. వెనక ఎవరో ఈల వేశారట, రెండు పొట్టి ఈలలు, ఒక పొడుగు ఈల. అటు తిరిగేసరికి బంతి గ్లవ్‌లో ఉందట. వాడు ఆ ఈల నా వంటింట్లో వేసి చూపించాడు. నా చేతిలో పళ్ళెం జారిపోయింది.

హాల్వర్ నత్తి నీకు గుర్తుంది. 'నాది' అని అరవబోతే మాట వచ్చేలోపు బంతి నేల మీద ఉండేది. అందుకని బంతి తనదని చెప్పడానికి ఈల వేసేవాడు. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. వెర్లిన్ పుట్టడానికి ముందు సంగతి అది. వాడికి ఎవరు చెబుతారు?

ఇంకొకటి. జూలైలో గెలిచిన ఆట బంతి వెర్లిన్ దాచుకున్నాడు. నిన్న దాన్ని తెచ్చి, తన గదిలో ఉంచుకోలేనంటూ నా బల్ల మీద పెట్టాడు. ఆ రోజు ఆష్బీ వాడు కొట్టింది కొత్త బంతి, తెల్లగా మెరుస్తూ పోయింది, నేను కళ్ళారా చూశాను. ఇది పాత పియానో మెట్లలా పచ్చబడింది. కుట్లు ముదురు రంగుకు తిరిగాయి. దాని మీద అచ్చు వేసిన లీగు అధ్యక్షుడి పేరు చదివాను. ఆయన చనిపోయి ఇరవై ఏళ్ళయింది.

కాబట్టి నేను ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. హాల్వర్ బతికే ఉన్నాడు, ఊళ్ళోనే ఉన్నాడు. పారిపోయిన రోజు బంతి ఇన్నేళ్ళూ దాచుకున్నాడు. మంచు పడ్డ రోజు కంచె తలుపు తీసుకుని లోపలికొచ్చి తన జట్టుకు సాయం చేస్తున్నాడు. వాడి కాళ్ళు యాభై ఏళ్ళకు కూడా అంత చురుగ్గా ఉన్నాయంటే నాకేం ఆశ్చర్యం లేదు. నాకు కనపడటానికి సిగ్గుపడుతున్నాడు, అంతే.

ఈ సంగతి నీకు ముందే తెలుసు కదూ? అందుకే వెతకొద్దన్నావు, అందుకే మంచులో కూర్చోవద్దన్నావు. ఇన్నేళ్ళూ మీరిద్దరూ ఉత్తరాలు రాసుకుంటున్నారు. నాకు కోపం లేదు. సిగ్నె కాఫీ పెట్టి ఎదురుచూస్తోందని వాడికి చెప్పు చాలు.

మీ అక్క,
సిగ్నె


టూసన్
1954 ఆగస్టు 9

సిగ్నె,

నాకు వాడి జాడ తెలియదు. నేను వాడికి ఉత్తరాలు రాయడం లేదు. ఈ రెండు మాటలూ నిజం.

ఆ బంతి ఇంట్లో ఉంచకు. సరస్సులో వేసెయ్యి. మంచు లేచిన రోజు మైదానం వైపు పోకు. ఆ కుర్రాణ్ణి సొంతూరు పంపించెయ్యి, వాడి తండ్రికి కబురు పెట్టు. కావాలంటే జట్టును మళ్ళీ ఓడిపోనివ్వు. నువ్వు ఒప్పుకోకపోతే నేను పాస్టరు గారికి రాసి, నిన్ను కాస్త కనిపెట్టి ఉండమని అడగాల్సి వస్తుంది.

కోపంతో రాయడం లేదు.

రోల్ఫ్


కెల్సీ హార్బర్
1954 ఆగస్టు 14

రోల్ఫ్,

పాస్టరు గారికి రాయదలుచుకుంటే నా ఒక్కదాని గురించే ఎందుకు, అన్నీ రాయి.

నీ ఉత్తరం వచ్చాక అమ్మ పెట్టె దించి ఆ మూడు కార్డులు తీశాను. అమ్మ పోయాక వాటిని చూడటం ఇదే మొదలు. హాల్వర్ ఎడమచేతి వాటం మనిషి. రాసుకుంటూ పోతుంటే చెయ్యి తడి అక్షరాల మీదుగా జారేది. వాడు రాసిన ఏ కాగితమైనా సిరా పులుముకుని, తడిసిన గోడలా ఉండేది. బళ్ళో ఎన్ని దెబ్బలు తిన్నాడు దానికి. ఈ కార్డుల మీద ఒక్క మరక లేదు. అచ్చు గుద్దినట్టున్నాయి.

తరవాత నీ ఉత్తరాలు తెచ్చి పక్కన పెట్టాను. వాడి పేరులో మొదటి అక్షరానికి నువ్వు ఒక మెలిక పెడతావు. కార్డుల్లో సంతకానికీ అదే మెలిక ఉంది.

అమ్మ ఆ కార్డులు దిండు కింద పెట్టుకుని చచ్చిపోయింది.

నాకు ఇంకొకటి కూడా గుర్తుంది. ఆ ఆదివారం అందరం మైదానం వెతుకుతుంటే నువ్వు చాలా ఆలస్యంగా వచ్చావు. నీ బూట్లు మోకాళ్ళ దాకా బురద. ఆటకు రాలేదు, సెయింట్ పాల్ వెళ్ళే పనుందన్నావు. అమ్మ ఆ బూట్లు కడిగి ఆరబెట్టింది. నేను ఆ సంగతి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తలుచుకోలేదు. ఇప్పుడు రెండు రోజులుగా మరో ఆలోచన లేదు.

వాడికి నువ్వేం చేశావు, రోల్ఫ్?

నిజం రాయి. లేకపోతే ఇంకెప్పుడూ ఏమీ రాయకు.

సిగ్నె


టూసన్
1954 ఆగస్టు 21

అక్కా,

నీ ఉత్తరం నాలుగు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను. అడగకపోతే ఇది నాతోనే పోయేది.

హాల్వర్‌కు చికాగో నుంచి ఒక జట్టువాళ్ళు కబురు పెట్టారు. నాన్న సంగతి నీకు తెలుసు. ఆ వేసవితో ఆట మానేసి మిల్లులో చేరాలన్నాడు, వాడు జారిపోకుండా ప్రతి ఆటకూ వచ్చి కూర్చుని వెంటబెట్టుకుని తీసుకుపోయేవాడు. అందుకని నేనూ వాడూ ఒక ఏర్పాటు చేసుకున్నాం. సెంటర్ ఫీల్డ్ వెనక కంచెకు గడ్డి బండి వచ్చిపోయే తలుపు ఉంది కదా. ఆట అయిపోగానే అందరూ స్టాండు వైపు పోతారు, వాడు ఆ తలుపు గుండా బయటికి వస్తాడు. నేను కారుతో సిద్ధంగా ఉండి సాయంత్రం రైలు ఎక్కిస్తాను. వాడి పెట్టె నా వెనక సీట్లో ఉంది. రెండు చొక్కాలు, కొత్త బూట్లు, అమ్మ ఫోటో.

ఆరో ఇన్నింగ్స్ నుంచీ నేను ఆ తలుపు బయటే కూర్చున్నాను. అక్కడ నేల చిత్తడి, బురద అందుకే. మంచు వచ్చి కారు ముందు భాగం కూడా నాకు కనపడలేదు. బ్యాటు చప్పుడు వినిపించింది. జనం అరుపు వినిపించింది. తరవాత గడ్డి మీద పరుగు వినిపించింది. వాడి పరుగు నాకు తెలుసు అక్కా, ఎడమ కాలు కాస్త బరువుగా వేస్తాడు. ఆ పరుగు నా వైపే వచ్చింది. వాడు ఆట మధ్యలోనే వచ్చేస్తున్నాడు, మంచు కలిసొచ్చింది అనుకుని నవ్వుకున్నాను. అడుగులు కంచెకు అటుపక్క దాకా వచ్చాయి. ఆగాయి.

నేను దిగి తలుపు తీశాను. ఎవరూ లేరు.

గడ్డి తడిగా ఉంది. వాడి అడుగులు స్పష్టంగా పడ్డాయి. మైదానంలోంచి తలుపు వైపు వచ్చి, తలుపుకు పది అడుగుల దూరంలో ఆగిపోయాయి. పక్కకు పోలేదు, వెనక్కి తిరగలేదు. అక్కడితో అయిపోయాయి. అటు నేను, ఇటు రెండు వందల మంది. మధ్యలో ఆ ముక్క గడ్డి.

నేను వాణ్ణి పిలవలేదు. హారన్ కొట్టాలని చెయ్యి దాని మీద పెట్టాను. నాన్న వింటాడని భయపడి తీసేశాను. ఆ ఒక్క హారన్ కొట్టి ఉంటే, ఆ చప్పుడు పట్టుకుని వాడు బయటికి వచ్చేవాడేమో. ఇరవై ఎనిమిదేళ్ళుగా నా చెయ్యి ఆ హారన్ మీదే ఉంది.

మీరు వెతికినంతసేపూ నేను బయటి నుంచి వెతికాను. వాడూ దొరకలేదు, ఆ బంతీ దొరకలేదు. పారిపోయాడని చెప్పాను, ఎందుకంటే పారిపోయి ఉంటే బాగుండునని నేనూ అనుకున్నాను. అమ్మ అన్నం మానేసినప్పుడు ఒక్క కార్డు రాద్దామనుకున్నాను. అది అందాక ఆమె గిన్నెడు సూప్ తాగింది. తరవాత ఇంకో రెండు రాశాను. నాలుగోది రాయడానికి చెయ్యి రాలేదు.

నేను ఈ ఎడారికి వచ్చింది ఊపిరితిత్తుల కోసం కాదు. ఇక్కడ పొగమంచు ఉండదు.

వాడికి నేనేమీ చెయ్యలేదు అక్కా. నా తప్పంతా అదే.

రోల్ఫ్


కెల్సీ హార్బర్
1954 సెప్టెంబరు 8

రోల్ఫ్‌కు,

నీ ఉత్తరం చదివి జవాబు రాయకుండా ఇన్నాళ్ళున్నాను. ఏం రాయాలో తెలియక ఆగాను. మొన్న సోమవారం, సెలవు రోజు, ఈ ఏడాదికి మా చివరి ఆట జరిగింది. ఇప్పుడు రాయగలను.

వెర్లిన్‌కు నీ ఉత్తరం చదివి వినిపించాను. నీ అనుమతి అడగలేదు. వాడు విని, "అయితే ఆయన నాకు దారి చూపిస్తున్నాడన్న మాట. నేను తెలియక భయపడ్డాను" అన్నాడు. ఆ తరవాత వాడు ఎండలో కూడా బంతులు పట్టడం మొదలెట్టాడు. మెడ ముడుచుకోవడం మానేశాడు. ఆగస్టు చివర్లో వరసగా నాలుగు గెలిచాం రోల్ఫ్, నాలుగు.

సోమవారం నాలుగో ఇన్నింగ్స్‌లో మంచు లేచింది. ఈసారి మరీ దట్టంగా వచ్చింది. అంపైరు ఆట ఆపి అందరినీ బయటికి పిలిచాడు. ఫీల్డర్లు ఒక్కొక్కరే వచ్చేశారు. వెర్లిన్ కూడా వచ్చాడు. ఖాళీ మైదానం, దాని మధ్య ఆ తెల్లటి గోడ. నేను లేచి మెట్లు దిగి, చిన్న గేటు తీసుకుని గడ్డి మీదికి నడిచాను. అంపైరు ఏదో అన్నాడు. పళ్ళ డాక్టరు ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడట. రెండో బేస్ దాకా వెర్లిన్ నాతో వచ్చాడు. "ఇక్కడే నిలబడి మీ పేరు పిలుస్తూ ఉంటాను, గొంతు ఎటు వినిపిస్తే అటు రండి" అన్నాడు.

రెండో బేస్ నుంచి కంచెకు నా అడుగులు తొంభై. పొద్దున్నే గడ్డి తడవకముందు నడిచి లెక్క పెట్టి చూసుకున్నాను. మంచులోకి అడుగు పెట్టాక మళ్ళీ లెక్క మొదలెట్టాను. తొంభై అయ్యింది. కంచె రాలేదు. నూట యాభై. నేను తిన్నగానే నడుస్తున్నాను, కిందికి చూసుకుంటూ. గడ్డి పొడుగైంది, ఎవరూ కొయ్యని గడ్డి. రెండు వందలు. మూడు వందల పది దగ్గర ఆగిపోయాను.

అక్కడ ఏ చప్పుడూ లేదు. సరస్సు లేదు, పక్షి లేదు. నా గుండె చప్పుడు కూడా చెవుల్లోకి రాలేదు. నోరు తెరిచి, "హాల్వర్, నేను సిగ్నెని" అన్నాను. నా మాట నాకే వినపడలేదు. అయినా చెప్పాలనుకున్నవన్నీ చెప్పాను. నాన్న మరుసటి ఏడాదే పోయాడని చెప్పాను. తన కొడుకు బాగున్నాడని నమ్మి అమ్మ సుఖంగా పోయిందని చెప్పాను. రోల్ఫ్ ఆ రోజు వచ్చాడురా, తలుపు బయటే ఉన్నాడు అని చెప్పాను. ఇంకేం మిగల్లేదు. అప్పుడు, నువ్వు నవ్వుతావు, మన పైలట్లు పోయిన నెల చివర్లో వరసగా నాలుగు గెలిచారని చెప్పాను.

ఎవరో నా మోచెయ్యి పట్టుకున్నారు.

చల్లటి చెయ్యి, నేలమాళిగలో గోడంత చల్లగా. తల తిప్పి చూశాను. మంచు తప్ప ఏమీ లేదు. కానీ ఆ చెయ్యి నా చర్మానికి తెలుస్తోంది. వేళ్ళ కింద గట్టిపడిన చర్మం తెలుస్తోంది. అది యాభై ఏళ్ళ చెయ్యి కాదు రోల్ఫ్. ఇరవై రెండేళ్ళ కుర్రాడి చెయ్యి. దాన్ని పట్టుకోవాలని నా రెండో చెయ్యి వేశాను, నా మోచెయ్యే నాకు దొరికింది. అది నన్ను మెల్లగా వెనక్కి తిప్పింది. నేను బిగుసుకుని నిలబడ్డాను. రానన్నాను. అప్పుడు వీపు మీద చెయ్యి పెట్టి ఒక్క తోపు తోశాడు. చిన్నప్పుడు వాణ్ణి బడికి పంపేటప్పుడు నేను తోసినట్టు.

పన్నెండు అడుగులు వేశాను. పన్నెండో అడుగుకు వెర్లిన్ ఎదురుగా ఉన్నాడు. ముఖం పాలిపోయి ఉంది, గొంతు పోయింది. నేను లోపలికి పోయిన క్షణం నుంచీ నా పేరు పెట్టి అరుస్తూనే ఉన్నాడట. స్టాండులో ఉన్నవాళ్ళు కూడా అరిచారట, మూడు వందల మంది కలిసి, "సిగ్నె, సిగ్నె" అని. బ్యాండు మనిషి డప్పు కూడా కొట్టాడట. ఊరి చివర ఉన్న గున్నార్ కొట్టు దాకా వినిపించిందని ఆయనే చెప్పాడు.

నాకు ఒక్క ముక్క వినపడలేదు రోల్ఫ్. అందుకే ఈ ఉత్తరం.

తరవాత మంచు విడిపోయింది. సెంటర్ ఫీల్డ్ అంతా కోసిన గడ్డే. ఆట మళ్ళీ మొదలెట్టి ఆరు రెండుతో ఓడిపోయాం. అయినా ఆష్బీ వాళ్ళు అదే రోజు రెండు ఆటలు ఓడిపోవడంతో మేము ఎనిమిది జట్లలో ఏడో చోటికి వచ్చాం. ఊళ్ళో ఆ రాత్రి బాణసంచా కాల్చారు. ఏడో చోటుకు బాణసంచా కాల్చే ఊరు ఇంకెక్కడైనా ఉందా? నేనూ వెళ్ళి చూశాను. పళ్ళ డాక్టరు భార్య ఊళ్ళోనే ఉంది, పక్కనే నిలబడింది, నీకు తెలియాలని రాస్తున్నాను.

వెర్లిన్ రేపు బండెక్కుతున్నాడు. వచ్చే వేసవికి మళ్ళీ వస్తానన్నాడు, గది ఎవరికీ ఇవ్వొద్దన్నాడు.

కార్డుల విషయంలో నిన్ను నేను క్షమించలేదు. అమ్మయితే క్షమించేది. నాకు ఇంకా కొంత టైము కావాలి. నీ మీద నేను వేసిన నింద మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను, దాన్ని నువ్వు కూడా మనసులో పెట్టుకోకు.

అసలు సంగతి ఇది. ఆ రోజు నువ్వు హారన్ కొట్టి ఉన్నా వాడికి వినపడేది కాదు. నువ్వు గొంతు చించుకున్నా, నాన్న వచ్చి అరిచినా, చర్చి గంట తెచ్చి వాడి నెత్తి మీద మోగించినా వినపడేది కాదు. నేను అక్కడ నిలబడి వచ్చాను, నాకు తెలుసు. ఇంక ఆ కారులోంచి దిగి ఇంటికి రా.

నీ అక్క,
సిగ్నె